కొండల్లో 50 కిలోమీటర్లు, ఇద్దరు కలిసి: బెజవాడ, గుంటూరు నుంచి ట్రైల్ అల్ట్రాకి ఎలా తయారవ్వాలి

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకు మించి ఎంత పరిగెత్తినా అల్ట్రా కిందే లెక్క. అది తారు రోడ్డు మీద కాకుండా కొండల్లో, అడవి బాటల్లో, రాళ్ల మీద అయితే ట్రైల్ అల్ట్రా. మొదటిసారికి 50 కిలోమీటర్లు చాలు. 80, 100 సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీరూ మీ స్నేహితుడూ (లేదా స్నేహితురాలూ) మొదటి నుంచి చివరి దాకా పక్కపక్కనే పరిగెత్తాలనుకుంటే ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను. ఇద్దరూ ఇప్పటికే హాఫ్ మారథాన్ ఇబ్బంది లేకుండా పూర్తి చేస్తున్నారన్న నమ్మకంతో మొదలుపెడుతున్నా. ఇంకా అంతవరకు రాకపోతే ముందు అది కానివ్వండి. ఏడాది ఆలస్యమైతే కొండలు ఎక్కడికీ పోవు.

ఒక మాట ముందే. స్నేహితుణ్ణి కబుర్లకి తోడు అనుకుంటారు చాలామంది. ఆ తోడు మొదటి 20 కిలోమీటర్ల వరకే. తర్వాత మాటలుండవు. 35 దాటాక ఒంట్లో చక్కెర, ఉప్పు, నీళ్లు అన్నీ తగ్గి, మన పరిస్థితి మనకే సరిగ్గా తెలియదు. తినడం మానేస్తాం, మానేశామన్న సంగతే గుర్తుండదు. పక్కనున్నవాడికి మాత్రం అది కనిపిస్తుంది. ఇద్దరు కలిసి వెళ్లడంలో అసలు లాభం అదే. కాబట్టి ఒకరినొకరు చూసుకోవడం, చెబితే వినడం కూడా కాళ్లతో పాటు తయారు చేసుకోవాలి.

ముందు మనిషి, తర్వాత రేసు

ఇద్దరి వేగం అచ్చంగా ఒకటే ఉండాలని లేదు. చదును మీద కిలోమీటరుకి అర నిమిషం తేడా ఉన్నా, ఎక్కుడులో ఎలాగూ ఇద్దరిదీ నడకే. చూడాల్సింది, ఆకలేసినప్పుడు ఆ మనిషి ఎలా ఉంటాడన్నది. ఫీజు కట్టకముందే ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ఐదారు గంటలు కొండల్లో గడపండి. ఇయర్‌ఫోన్లు వద్దు. నాలుగో గంటలో ఎవరు విసుక్కుంటున్నారు, ఎవరు మూగబోతున్నారు, ఎవరు కాలి నొప్పి దాచుకుని ముందుకు పోతున్నారు, గమనించండి. విసుక్కునేవాడితో పెద్ద ఇబ్బంది లేదు, దాచుకునేవాడితోనే. "ఎలా ఉంది మావా" అన్న ప్రతిసారీ "పర్లేదులే" అనే మనిషితో కొండల్లో కష్టం.

దానికి మందుంది. ఎలా ఉందని అడగొద్దు, పదికి ఎంతని అడగండి. "మోకాలు ఎంత?" "ఆరు." "కడుపు?" "మూడు." అంకె చెప్పాలంటే ఒక్క క్షణమైనా తన ఒంటి సంగతి తాను చూసుకోవాలి కదా. మొదటి వారం నుంచే ఇది అలవాటు చేసుకోండి.

రేసుల విషయానికొస్తే, చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రా, పుణె దగ్గర సింహగడ్, రాజగడ్, తోరణా కోటలను కలుపుతూ సాగే ఎస్‌ఆర్‌టీ అల్ట్రా మన దేశంలో పేరున్నవి. రెండోదాంట్లో రాతి ఎక్కుళ్లు గట్టిగా ఉంటాయి. మొదటిసారికి నా ఓటు మల్నాడ్‌కే. లద్దాఖ్‌లో 72 కిలోమీటర్ల ఖార్దుంగ్‌లా ఛాలెంజ్ వీడియోలు చూసి మనసు పారేసుకోకండి. అక్కడ దాటాల్సిన కనుమ 17 వేల అడుగుల పైన ఉంటుంది. సముద్ర మట్టానికి కాస్త ఎత్తులో, కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకి మొదటి పరీక్షగా అది వద్దు.

రేసు పేజీలో దూరం కంటే ముందు ఎత్తు చూడండి. ప్రతి 100 మీటర్ల ఎక్కుడునీ ఒక కిలోమీటరు చదునుగా లెక్కేయడం ట్రైల్ రన్నర్లలో వాడుక. 50 కిలోమీటర్ల దారిలో మొత్తం ఎక్కుడు 2,000 మీటర్లుంటే మీ కాళ్లు 70 కిలోమీటర్లకి తయారవ్వాలి. ఆ తర్వాత కటాఫ్ చూడండి, అంటే ఎన్ని గంటల్లో పూర్తి చేయాలన్నది. మధ్యలో ఏ ఎయిడ్ స్టేషన్‌ని (దారిలో నీళ్లు, తిండి, సాయం దొరికే మజిలీ) ఎన్నింటికల్లా దాటాలో కూడా రాసి ఉంటుంది. రూల్స్ మొత్తం ఇద్దరూ చదవాలి. ఒకరు చదివి రెండోవాడికి చెప్పడం కాదు.

ముప్పై ఐదు దాటినవాళ్లు, ఇంట్లో గుండె జబ్బులున్నవాళ్లు డాక్టరుకి చూపించుకుని, బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్ చూసుకున్నాకే డబ్బు కట్టండి. "కొండలెక్కి పరిగెత్తడానికి ఎదురు డబ్బులిస్తార్రా?" అని అమ్మ అడుగుతుంది. దానికి ఇప్పటిదాకా సరైన జవాబు ఎవరికీ దొరకలేదు.

మన కొండల్లో తయారీ

ఐదారు నెలలు కావాలి. రేసు శీతాకాలం మొదట్లో అయితే తయారీ జూన్‌లో మొదలవుతుంది. అంటే రోహిణి కార్తె సెగ ఇంకా తగ్గనప్పుడన్నమాట. ఎండ సంగతి తర్వాత చెబుతా.

వారానికి నాలుగు రోజుల పరుగు, ఒకరోజు కాళ్లకీ నడుముకీ కసరత్తు. మొదట వారానికి 35, 40 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా 65, 70కి తీసుకెళ్లండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. మామూలు రోజుల పరుగు చదును మీద సరిపోతుంది. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి నుంచి అమరావతి వైపు కరకట్ట; గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం. ఈ పరుగులన్నీ మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగంలోనే. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని కూడా లేదు, ఎవరి వీధిలో వాళ్లు కానిచ్చుకోవచ్చు. తెల్లవారుజామున కరకట్ట మీదికి మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు, కుక్కలుంటాయి.

శని, ఆదివారాలు ఇద్దరివీ. ఆ రెండు రోజులూ కొండకే. మనకి ఎత్తయిన కొండలు లేవన్నది వట్టి సాకు. ఉన్న కొండనే నాలుగుసార్లు ఎక్కి దిగితే ఎత్తు దానంతటదే కూడుతుంది.

మంగళగిరి పానకాల స్వామి కొండకి 600 దాకా మెట్లుంటాయి. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే ఒకసారి ఎక్కితే సుమారు 90 మీటర్లు. కానీ మెట్ల దారిలో పరుగు పెట్టకండి. చెప్పుల్లేకుండా, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కుతున్న భక్తులు బూట్లేసుకున్న మీకు దారివ్వాల్సి రావడం బాగుండదు. పక్కన ఘాట్ రోడ్డుంది. అది తీసుకోండి, గుడి దగ్గర బూట్లు విడిచే చోటికి ముందే వెనక్కి తిరగండి. పండగ రోజుల్లో ఏ గుడి కొండనీ ఎంచుకోవద్దు. శివరాత్రికి కోటప్పకొండ, ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలప్పుడు గుణదల, దసరాకి ఇంద్రకీలాద్రి, వీటి దరిదాపులకి వెళ్తే పరుగు సంగతలా ఉంచి బండి పెట్టుకోవడానికే చోటుండదు.

గుంటూరు వాళ్లకి కొండవీడు ఉంది. ఊరికి పాతిక కిలోమీటర్ల చిల్లర దూరం. రెడ్డిరాజుల కోట దాకా మలుపులు తిరుగుతూ వెళ్లే ఘాట్ రోడ్డు పొడవైన ఎక్కుళ్లకి బాగుంటుంది. పాత కాలిబాట రాళ్లతో నిండి, రేసులో కనిపించబోయే దారిలాగే ఉంటుంది. బెజవాడ వాళ్లకి కొండపల్లి ఖిల్లా. ఆ వైపే మూలపాడు సీతాకోకచిలుకల పార్కు దగ్గర అడవి బాటలున్నాయి. అదంతా రిజర్వ్ ఫారెస్ట్. అటవీ శాఖ వాళ్లని అడిగి, వెళ్లమన్న దారిలోనే వెళ్లండి. కొండ వెనక్కి వెళ్తే ఫోన్‌కి సిగ్నల్ అందకపోవచ్చు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికల్లా రాకపోతే కంగారు పడాలో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఎక్కేటప్పుడు పరిగెత్తాలన్న పట్టుదల వదిలేయండి. నిటారు ఎక్కుడులో పరుగుకీ జోరైన నడకకీ వేగంలో తేడా చాలా తక్కువ, గుండె మీద భారంలో మాత్రం చాలా ఎక్కువ. కొంచెం ముందుకు వంగి, అరచేతులు తొడల మీద ఆనించి నొక్కుతూ, చిన్న చిన్న అడుగులు వేయండి. ఇద్దరిలో నెమ్మదిగా ఎక్కేవాళ్లు ముందుండాలి. ఇది ఖాయం చేసుకోండి. వేగంగా ఎక్కేవాడు ముందుంటే రెండోవాడు వాణ్ణి అందుకోవాలని ఊపిరి బిగబట్టి ఎక్కుతాడు. పైన వేగమున్నవాడు ఆగి సేద తీరుతుంటాడు, రెండోవాడు చేరగానే "పద" అంటాడు. అలా రోజంతా ఒకడికి విశ్రాంతి, ఒకడికి శిక్ష.

అసలు కష్టం దిగేటప్పుడు. రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకి ఇది తెలియక మొదటి ట్రైల్ రేసులో సగం దారిలోనే తొడలు చచ్చుబడిపోతాయి. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువుని ఆపాలి. కండరానికి దీనికి మించిన దెబ్బ ఇంకొకటి లేదు. ఆ నొప్పి కూడా వెంటనే రాదు. మర్నాడు మొదలై రెండో రోజుకి ముదురుతుంది. మంచి సంగతేంటంటే, ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాల పాటు అదే దెబ్బని తేలిగ్గా తట్టుకుంటుంది. కాబట్టి రెండు వారాలకోసారైనా పొడవైన దిగుడు మీ తయారీలో ఉండాలి. కొండవీడు ఘాట్ రోడ్డు పైనుంచి కింద దాకా ఆగకుండా దిగండి, మళ్లీ నడిచి ఎక్కండి, మళ్లీ దిగండి. అడుగులు పొట్టిగా, చకచకా పడాలి. మడమ ముందు ఆనించి బ్రేకు వేయకండి. చేతులు రెండు పక్కలా కాస్త విచ్చుకుంటే తూకం కుదురుతుంది. చూపు కాళ్ల దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. రాళ్ల దారిలో వెనకవాడు కనీసం అంత దూరంలోనైనా ఉండాలి, లేకపోతే ముందువాడి వీపు తప్ప దారి కనిపించదు.

చివరి రెండు నెలల్లో శనివారం కొండల్లో నాలుగైదు గంటలు, ఆదివారం అలసిన కాళ్లతో రెండు గంటలు నెమ్మదిగా. ఇక్కడ గంటలే లెక్క, కిలోమీటర్లు కాదు. అన్నిటికంటే పొడవైన పరుగు రేసుకి మూడు వారాల ముందు ముగియాలి. చివరి రెండు వారాలు సగానికి సగం తగ్గించండి. అప్పుడు కాళ్లు దురద పెడతాయి, ఎక్కడెక్కడో లేని నొప్పులు కొత్తగా కనిపిస్తాయి. పట్టించుకోకండి.

ఎండ, చెమట

బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్లకి చెప్పేదేముంది. ఏప్రిల్, మే, జూన్‌లలో పొద్దున నాలుగున్నరకి మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించాలి. మన దగ్గర ఎండొక్కటే కాదు, గాలిలో తేమ కూడా. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమలో అది ఆరక కారిపోతుంది, నీళ్లు పోతాయి, చల్లదనం రాదు. రోజూ కొంతసేపు ఆ వేడిలో నెమ్మదిగా పరిగెత్తితే పది, పద్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది. ఇది చల్లని మల్నాడ్‌లో కూడా పనికొచ్చే లాభమే.

ఎవరికి ఎంత చెమట పడుతుందో కొలవండి. పరుగుకి ముందు ఒంటి మీద తక్కువ బట్టలతో బరువు చూసుకుని, గంట పరిగెత్తి, తుడుచుకుని మళ్లీ చూడండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. మధ్యలో తాగితే అదీ కలపండి. ఇద్దరికీ వేర్వేరు అంకెలొస్తాయి. ఒకరి లెక్కతో ఇంకొకరు తాగకూడదు. పోయిందంతా తిరిగి పొయ్యాల్సిన పని కూడా లేదు.

ఇంకోవైపు, ఉప్పు లేకుండా వట్టి నీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తికమకగా మాట్లాడడం దాని గుర్తులు. నీళ్లు చాలక ఇలా అవుతోందనుకుని ఇంకో సీసా తాగిస్తే ప్రాణం మీదికొస్తుంది. ఉబ్బిన వేళ్లు, తికమక కలిసి కనిపిస్తే నీళ్లు ఆపి, దగ్గర్లోని వైద్య సిబ్బందికి అప్పగించండి.

వడదెబ్బ ఇంకో రకం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, నడక తూలుతూ ఉంటే అప్పటికే ఆలస్యమవుతోందని అర్థం. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. నీడలోకి లాగి, దొరికిన నీళ్లన్నీ మెడ, చంకలు, గజ్జల్లో పోస్తూ, గుడ్డతో విసురుతూ 108కి ఫోన్ చేయండి.

తిండి: మన వంటింట్లోనే ఉంది

గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే అప్పటికే ఆలస్యం. మొదటి అరగంటలోనే మొదలుపెట్టి ప్రతి అరగంటకీ ఏదో ఒకటి వేసుకోవాలి. జెల్ ప్యాకెట్లు (పరుగులో పీల్చుకునే చిక్కటి చక్కెర పాకం) బాగానే పనిచేస్తాయి గానీ నాలుగో ప్యాకెట్‌కి నోరు వెగటు పుడుతుంది. ఖర్చు కూడా.

పానకం చేసుకోండి. లీటరు నీళ్లకి 70 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ, చిటికెడు శొంఠి. మిరియాలు గుడిలో వేసినంత వేయొద్దు, పరిగెత్తేటప్పుడు గొంతు మండుతుంది. అనకాపల్లి బెల్లమైనా సరే, కరిగాక పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. అడుగున దిగే నలక హైడ్రేషన్ వెస్ట్ (నీళ్ల సంచి ఉండే, వీపుకి తొడుక్కునే కోటు) గొట్టంలో ఇరుక్కుంటే కొండ మీద తీయలేరు. పానకం ఎండకి కొన్ని గంటల్లో పులిసిపోతుంది కాబట్టి సగం రేసుకి సరిపడా పోసుకుని, మిగతా సగానికి బెల్లం పొడి, ఉప్పు కలిపి చిన్న పొట్లాలు కట్టుకోండి. ఎయిడ్ స్టేషన్‌లో నీళ్లలో కలుపుకోవచ్చు. ఇంటికొచ్చిన రోజే గొట్టం కడిగి ఆరబెట్టాలి, లేకపోతే మర్నాటికి చీమలు అద్దెకి దిగుతాయి. మంగళగిరి కొండ మీద పానకానికి చీమలు పట్టవంటారు. మన వంటింటికి ఆ వరం లేదు.

రెండోది పులిహోర. చింతపండు పులిహోరలో ఉప్పు, పులుపు, పిండిపదార్థం మూడూ ఉన్నాయి. నాలుగో గంటలో తీపి చూస్తే కడుపులో తిప్పుతుంది, అప్పుడు ఆదుకునేది ఇదే. అన్నం కాస్త మెత్తగా వండి, నూనె సగం తగ్గించి, పల్లీలు, ఎండుమిర్చి తీసేసి, పెద్ద నిమ్మకాయంత ఉండలు చేసి ఒక్కోటి అల్యూమినియం రేకులో చుట్టండి. ఉండ గట్టిగా నొక్కకపోతే పరుగులో గింజ గింజా రాలిపోతుంది. ఉండ 40 గ్రాములుంటే పదీ పదకొండు గ్రాముల పిండిపదార్థం. అర లీటరు పానకంలో 30 గ్రాములు, రెండు ఉండల్లో 20. గంట లెక్క కుదిరిపోయింది. ఉడికించిన బంగాళాదుంప ముక్కలు ఉప్పులో అద్దుకున్నా బాగుంటాయి. అరటిపండు, ఖర్జూరం సరే. పల్లీ పట్టీ, సున్నుండ, అరిసె లాంటివి నూనె, నెయ్యి, పప్పు వల్ల నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి నడక ఎక్కువున్న ఎక్కుళ్లలో మాత్రమే. ముందు రోజు రాత్రి ఆవకాయ, గోంగూర జోలికి పోవద్దు. గుంటూరు వాళ్లకి ఇది శిక్షే, కానీ ఒక్క రాత్రే.

ఇవన్నీ శనివారం పరుగుల్లో తిని అలవాటు చేసుకోవాలి. రేసు రోజు కొత్తదేదీ కడుపులో పడకూడదు.

మందుల షాపులో ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు సీసా ముందువైపు కాదు, వెనక చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి 2.6 గ్రాముల సోడియం క్లోరైడ్, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. పండ్ల రసంలా తియ్యగా ఉండే డబ్బాల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు నామమాత్రం. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది కూడా. లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్టే తీసుకోండి.

ఇంకొకటి, నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రేసు ముందు గానీ, మధ్యలో గానీ వేసుకోకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి. మీ స్నేహితుడి జేబులో ఉంటే మొదటి కిలోమీటరులోనే అడిగి తీసేసుకోండి.

సామాను

కింద పళ్లున్న ట్రైల్ బూట్లు, అర సైజు పెద్దవి. పాదాలు ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట కొలత చూసుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి, రెండు రోజుల ముందే గోళ్లు తీసుకోండి. హైడ్రేషన్ వెస్ట్, హెడ్‌ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు, విజిల్, పలచటి వాన కోటు, చిన్న ఫస్ట్ ఎయిడ్. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వాజిలిన్. విజిల్ ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊదడం, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదడం కొండల్లో ఆపద గుర్తు. మల్నాడ్‌లో జలగలుంటాయి, పట్టుకుంటే కంగారుపడి లాగకుండా గోరుతో పక్కకి గీరి తీసేయండి.

పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలు కదల్చకుండా, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

కాగితం మీద ఒప్పందం

రేసుకి వారం ముందు ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుని ఇవి మాట్లాడుకుని, రాసుకోండి. నవ్వులాటగా అనిపించినా రాయండి. కొండ మీద 38వ కిలోమీటరులో జరిగే వాదన ఎటూ తేలదు.

ఒకరు ఆగిపోతే రెండోవారు ముందుకి వెళ్లొచ్చా? నేను చెప్పేది, వెళ్లొచ్చు. కానీ ఎయిడ్ స్టేషన్‌లో వాలంటీర్లకి అప్పగించాకే. మధ్య దారిలో వదలకూడదు. చీకట్లో అసలు వదలకూడదు. మాట తేడాగా ఉంటే ఒక్క అడుగు కూడా పక్కకి పోకూడదు. ఆగిపోయేవాడు "నువ్వు పో" అన్నా సరే, ఆ సమయంలో వాడి మాటకి విలువ లేదని ముందే ఒప్పుకోండి.

కటాఫ్ తప్పేలా ఉంటే? ఏ ఎయిడ్ స్టేషన్‌కి ఎన్ని నిమిషాలు వెనకబడితే విడిపోవాలో అంకె వేసుకోండి. విడిపోకూడదనుకుంటే అదీ రాసుకోండి. రెండూ మర్యాదే. ఏదీ అనుకోకుండా వెళ్లడమే ఇబ్బంది.

తిండి విషయంలో ఎవరి మాట చెల్లుతుంది? పక్కవాడిది. ఇది ఇలా జరుగుతుంది: "మావా, ఉండ తిన్నావా?" "తింటాలే." "తింటాలే కాదు, ఇప్పుడు, నా ముందు." వాడు రేకు విప్పి నోట్లో పెట్టుకుని నమిలేదాకా నడక. కోపమొస్తుంది. ఆ కోపానికి జవాబు చెప్పకూడదని కూడా ఒప్పందంలో ఉండాలి. రెండు కిలోమీటర్లు పోయాక చక్కెర ఎక్కి, వాడే ఏదో జోకు వేస్తాడు.

రేసు రోజు

మొదటి పది కిలోమీటర్లు మీకు సిగ్గేసేంత నెమ్మదిగా వెళ్లండి. అందరూ దాటిపోతారు, పోనివ్వండి.

దారి గుర్తుగా చెట్లకి కట్టిన రిబ్బన్లు చూస్తూ ఉండాలి. ఇద్దరు పరిగెత్తితే దారి తప్పరనుకుంటారు గానీ, కబుర్లలో పడి మలుపు దాటిపోయేది జంటలే ఎక్కువ. ముందున్నవాడు రిబ్బన్ కనిపించిన ప్రతిసారీ పైకి "రిబ్బన్" అనాలి. ఐదు నిమిషాలు ఆ మాట వినపడకపోతే ఇద్దరూ ఆగి, చివరి రిబ్బన్ దాకా వెనక్కి.

జంటలకి సమయం పోయేది ఎయిడ్ స్టేషన్లలో. 50 కిలోమీటర్లకి 12 గంటల కటాఫ్ అనుకుందాం. ఆరు చోట్ల పదేసి నిమిషాలు ఆగితే గంట పోయింది. మిగిలిన 11 గంటల్లో కిలోమీటరుకి 13 నిమిషాల చిల్లర. ఒకడు తయారయ్యేసరికి ఇంకొకడు బాత్రూముకి పోవడం, వాడొచ్చేసరికి వీడు బూటు విప్పడం, ఇలాగే పది నిమిషాలు ఇరవై అవుతాయి. పని పంచుకోండి. ఒకరు రెండు జతల సీసాలు నింపాలి, ఇంకొకరు ఇద్దరికీ తిండి తేవాలి. కుర్చీలో కూర్చోవద్దు. నములుతూ నడుస్తూ బయటపడండి.

పిక్క పట్టేస్తే ఆగి, నెమ్మదిగా సాగదీసి, ఉప్పున్నదేదైనా తిని, కాసేపు నడవండి. బొబ్బ లేచేలా మంటగా ఉంటే "తర్వాత చూద్దాం" వద్దు. అక్కడే బూటు విప్పి టేపు వేసుకోండి. ఆ రెండు నిమిషాలు రెండోవాడు తిండికి వాడుకోవాలి.

చివరి ఐదు కిలోమీటర్లలో ఒకరికి హుషారొస్తుంది, ఇంకొకరికి రాదు. హుషారొచ్చినవాడు వెనక నడవాలి.

పూర్తయ్యాక

ముగించగానే కూలబడకుండా పది నిమిషాలు నడిచి, తడి బట్టలు మార్చి, ఉప్పూ తీపీ ఉన్నదేదైనా తినండి. ఆ రోజూ మర్నాడూ మూత్రం రంగు చూసుకోండి. కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడుతోందని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సిగ్గుపడకుండా ఒకరినొకరు అడగండి.

వారం పది రోజులు పరుగు వద్దు, నడక చాలు. గోరు నల్లబడితే దాని మానాన దాన్ని వదిలేయండి, పీకొద్దు.

మల్నాడ్‌కి వెళ్లేవాళ్లకి కొండవీడు ఎక్స్‌ప్రెస్ వీలుగా ఉంటుంది. బెజవాడలో గానీ, గుంటూరులో గానీ ఎక్కి బెంగళూరు యశ్వంతపూర్‌లో దిగి, అక్కణ్ణుంచి బస్సు. రోజూ నడిచే బండి కాదు కాబట్టి రేసు తేదీ ఖాయమైన రోజే చూసుకోండి. వెళ్లేటప్పుడు ఏ బెర్తయినా ఫర్వాలేదు. తిరుగు ప్రయాణానికి మాత్రం రెండూ లోయర్ బెర్తులే అడగండి. ఆ తొడలతో పై బెర్తు ఎక్కడం ఒక ఎత్తయితే, అర్ధరాత్రి దాని మీంచి దిగడం ఇంకో ఎత్తు.